టెన్త్ గ్రేడ్ జనవరిలోనే మొదలైపోయింది: ఫాఫ్సాతో మా ఇంటి అనుభవం

2022 సెప్టెంబరులో, సీనియర్ ఇయర్, అంటే ట్వెల్త్ గ్రేడ్, మొదలైన కొత్తలో, మా అబ్బాయి స్కూలు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాడు. మేముండేది డాలస్ పక్కన. టెక్సస్‌లో 2021-22 నుంచి ఒక నియమం ఉంది. హైస్కూలు పూర్తి చేయాలంటే ప్రతి విద్యార్థీ ఫాఫ్సా, అంటే కాలేజీ ఖర్చుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం అడిగే దరఖాస్తు, నింపాలి. అది నింపే వీల్లేని పిల్లలు టాస్ఫా, అంటే టెక్సస్ రాష్ట్ర సాయానికి పెట్టే దరఖాస్తు, నింపాలి. రెండూ వద్దనుకుంటే తల్లిదండ్రులు ఆ మాటే రాసి సంతకం చేసివ్వాలి. మావాడు తెచ్చింది ఆ మూడోది. "అమ్మా, దీని మీద సంతకం పెడితే చాలట, మా ఫ్రెండ్స్ అందరూ ఇదే ఇస్తున్నారు" అన్నాడు. నేను వంటలో ఉన్నాను. చెయ్యి తుడుచుకుని, కాగితాన్ని ఫ్రిజ్‌కి ఆనించి సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఆ సంతకం వల్ల మాకు పోయింది నాలుగేళ్లలో 16 వేల డాలర్లు.

అప్పుడు మాకు తెలిసినదల్లా పెల్ గ్రాంటు ఒక్కటే. అది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి ఇస్తారని, ఏడాదికి దాదాపు 7 వేల డాలర్ల వరకు వస్తుందని విన్నాం. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌ని, ఇద్దరిదీ కలిపితే 1,40,000 డాలర్ల దాకా వస్తుంది. "మన జీతానికి గవర్నమెంటు ఏమిస్తుంది? ఉన్న వివరాలన్నీ వాళ్ల చేతిలో పెట్టడం తప్ప" అన్నారు మా వారు. మన వాళ్ల గెట్ టుగెదర్‌లలో ఎవరిని అడిగినా అదే మాట. పెల్ గ్రాంటు రాదు కాబట్టి ఆ ఫారమే మనది కాదనుకున్నాం.

2023 మార్చిలో మావాడికి రాష్ట్రంలోనే ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. పోర్టల్‌లో ఫైనాన్షియల్ ఎయిడ్ అన్నచోట చూస్తే ఖాళీ. ఫోన్ చేశాను. అవతలి ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. డిపార్ట్‌మెంటు స్కాలర్‌షిప్ జాబితాలో మావాడి పేరు ఉందట. ఏడాదికి 4 వేలు, మార్కులు తగ్గకుండా చూసుకుంటే నాలుగేళ్లూ వస్తుందట. అది మెరిట్‌కి ఇచ్చేదే, కానీ ఫాఫ్సా దాఖలై ఉండాలనేది షరతు. గడువు రాష్ట్రం ఆ ఏడాది పెట్టిన ప్రయారిటీ తేదీయే, జనవరి 15. "మీరు ఆప్ట్ అవుట్ చేశారని కనబడుతోంది, పోనీ లోన్‌కైనా ఇప్పుడు నింపండి" అంది. పిల్లల పేరు మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే లోన్‌కి కూడా ఫాఫ్సా కావాలని నాకు తెలిసింది ఆ ఫోన్‌లోనే. మొదటి ఏడాది 5,500 డాలర్ల వరకు ఇస్తారు, దానికి ఆదాయంతో పని లేదు. మార్చి చివరి వారంలో నింపాం. లోన్ వచ్చింది. స్కాలర్‌షిప్ రాలేదు.

మావాడు ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండింది. ఆ తర్వాతే అనుకున్నాను, అమ్మాయి విషయంలో ఇలా జరగనివ్వకూడదని. దానికి ఇంకా రెండేళ్లుందిగా, సీనియర్ ఇయర్ అక్టోబరులో ఫారం తెరవగానే మొదటి రోజే నింపేస్తే సరిపోతుందనుకున్నాను. అదీ తప్పే.

ఆ వేసవిలో మా మామగారికి గుండె ఆపరేషన్ అయింది. ఖమ్మం దగ్గర మా వారి పేరున ఒక స్థలం ఉంది, ఎప్పుడో మామగారు కొనిచ్చింది. అంతకు ముందు దసరాకే ఒకాయన కొంటానని అడిగాడు, ఇంకా ధర పెరుగుతుందిలే అని ఆపాం. ఇప్పుడు ఆపరేషన్ ఖర్చు, అబ్బాయి మొదటి ఏడాది ఫీజు రెండూ ఒక్కసారే వచ్చి పడేసరికి 2023 ఆగస్టులో అమ్మేశాం. కొన్నప్పటి ధర పోను దాదాపు 50 లక్షలు మిగిలింది. ఇక్కడి లెక్కలో 60 వేల డాలర్లు. సగం ఆస్పత్రికి, మిగతా సగం ఫీజుకీ ఇంటి అప్పుకీ పోయింది. అక్టోబరుకల్లా చేతిలో ఏమీ లేదు.

అదే అక్టోబరులో మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో కాలేజీ ఖర్చుల మీద ఒక సాయంత్రం మాట్లాడతారని బోర్డు చూసి వెళ్లాను. మా అమ్మాయి అప్పుడు జూనియర్, అంటే లెవెన్త్ గ్రేడ్. మాట్లాడిన ఆవిడ హైస్కూల్లో కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ రాగానే వైట్‌బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని నైన్త్ నుంచి ట్వెల్త్ దాకా నాలుగు ముక్కలు చేసి, "కాలేజీ మొదటి ఏడాది సాయానికి మీ ఏ సంవత్సరం ఆదాయం చూస్తారో ఎవరైనా చెప్పండి" అని అడిగారు. ఒకాయన కిందటి సంవత్సరం అన్నారు. ఇంకొకరు సీనియర్ ఇయర్ అన్నారు. ఆవిడ ఎర్ర మార్కర్ తీసుకుని టెన్త్ గ్రేడ్ మధ్య నుంచి లెవెన్త్ గ్రేడ్ మధ్య వరకు గీత మీద రుద్దారు. టెన్త్‌లో ఉండగా వచ్చే జనవరి ఒకటి నుంచి, లెవెన్త్‌లో ఉండగా వచ్చే డిసెంబరు 31 దాకా. ఆ పన్నెండు నెలల టాక్స్ రిటర్న్‌నే ఫాఫ్సా తీసుకుంటుంది. 2025 ఆగస్టులో కాలేజీలో చేరే పిల్లలకి అది 2023.

నేను కూర్చున్నచోటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మా అమ్మాయి చేరేది 2025లో. స్థలం అమ్మింది 2023లో, ఇంకా రెండు నెలలైనా కాలేదు. అమెరికాలో పన్ను కట్టేవాళ్లం కాబట్టి ఇండియాలో వచ్చిన లాభం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, నిజమే. కానీ ఆదాయం అనే గడిలో అంకె మాత్రం 1,40,000 కాస్తా 2 లక్షలైపోతుంది. ఆ దసరాకే, 2022లోనే అమ్మి ఉంటే అమ్మాయి లెక్కలో అది ఎక్కడా కనబడేది కాదు. పైగా అబ్బాయి మూడో ఏడాదికి చూసేదీ ఈ 2023నే. ఒక్క అమ్మకం ఇద్దరికీ తగిలింది.

ఆపరేషన్ మన చేతిలో ఉండేది కాదు, అది వేరు. కానీ షేర్లు అమ్మడం, కంపెనీ ఇచ్చిన స్టాక్ అమ్ముకోవడం, ఊళ్లో ఆస్తి అమ్మడం, రిటైర్‌మెంటు ఖాతాలోంచి ముందుగా తీయడం, ఇలాంటివి చాలాసార్లు ఆరు నెలలు అటో ఇటో జరపగలిగినవే. పిల్లలు నైన్త్‌లో ఉన్న ఇళ్లలో ఎవరితో మాట్లాడినా ఇప్పుడు నేను ముందు చెప్పేది ఇదే. దరఖాస్తు ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగితే అందరూ సీనియర్ ఇయర్ అక్టోబరు అంటారు. ఫారం తెరుచుకునేది అప్పుడు. దానికి కావలసిన లెక్క టెన్త్ గ్రేడ్ జనవరిలోనే రాయడం మొదలవుతుంది, మనం చూసినా చూడకపోయినా.

లైబ్రరీ ఆవిడ ఆరోజే ఇంకో మాట కూడా చెప్పారు. అది మా వారికి పెద్ద దెబ్బ. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాని రెండుగా భాగిస్తారని మేము ధీమాగా ఉన్నాం. పాత పద్ధతిలో అది నిజమే. 2024-25 నుంచి ఆ పాత అంకె పోయి దాని బదులు స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అని, కుటుంబం ఏడాదికి ఎంత పెట్టుకోగలదో లెక్కకట్టే కొత్త అంకె వచ్చింది. అందులో అన్నో అక్కో కాలేజీలో ఉంటే తగ్గింపు లేదు. ఇద్దరున్నా ముగ్గురున్నా ఎవరి లెక్క వాళ్లదే.

ఇంటికొచ్చి ఆ రాత్రి ఇద్దరం కూర్చుని రెండు కాలేజీల నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్లు తెరిచాం. ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో దీన్ని పెట్టాలని 2011 నుంచి చట్టం ఉంది. మన జీతం, ఆస్తి, ఇంట్లో ఎంతమందో చెబితే మన చేతి నుంచి ఏడాదికి ఎంత పడుతుందో అంచనా వేసి చూపిస్తుంది. నాకు అంతవరకు ఒక పిచ్చి నమ్మకం ఉండేది, ప్రైవేటు కాలేజీ అంటే 85 వేలు, మన రాష్ట్ర యూనివర్సిటీ అంటే 31 వేలు, ఇక ఆలోచించేదేముంది అని. స్థలం లాభం తీసేసి మామూలు జీతంతో చూస్తే ఒక ప్రైవేటు కాలేజీ మాకు 36 వేలు చూపించింది. రాష్ట్ర యూనివర్సిటీ మాత్రం మొత్తం 31 వేలూ చూపించింది, ఒక్క డాలరు తగ్గకుండా.

ఎందుకలా అంటే లెక్క చాలా తేలిక. మన ఇండెక్స్ 30 వేలు అనుకోండి. ఖర్చు 31 వేలయ్యే చోట మన అవసరం కింద మిగిలేది వెయ్యి. 86 వేలయ్యే చోట 56 వేలు. ఆ అవసరాన్ని పూర్తిగా భరించే కాలేజీలు కొన్నే ఉన్నాయి, మిగతావి కొంత ఇచ్చి కొంత వదిలేస్తాయి. ఏది ఎలాంటిదో తెలియకుండా బోర్డు మీది ఫీజు చూసి వెనక్కి తగ్గడం, లేదా పేరు చూసి ఎగబడడం, రెండూ నష్టమే. పిల్లలు ఒక కాలేజీ మీద మనసు పెట్టుకోకముందే ఈ పని జరగాలి. పెట్టుకున్నాక ఆ అంకె చూపించి వద్దనడం చాలా బాధ. మా అబ్బాయి విషయంలో ఒకసారి అది చేశాను.

ఆ డిసెంబరు 31 మాకు గుర్తుండిపోయింది. అబ్బాయి రెండో ఏడాదికి 2024-25 ఫాఫ్సా నింపాలి. ఫాఫ్సా ఒక్కసారితో అయిపోయేది కాదు, ప్రతి ఏడాదీ మళ్లీ నింపాలి. ఎప్పుడూ అక్టోబరు ఒకటిన తెరిచే ఫారం, మొత్తం కొత్తగా రాయడం వల్ల ఆ ఏడాది డిసెంబరు 30 దాకా రాలేదు. వచ్చాక కూడా కాసేపు తెరిచి కాసేపు మూసేవారు. వాడు సెలవులకి ఇంటికొచ్చాడు, పక్కింట్లో కొత్త సంవత్సరం సందడి, మేమిద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పేజీ రిఫ్రెష్ చేస్తున్నాం. సగం నింపాక మూసేశారు. "పడుకో అమ్మా, రేపు చూద్దాం" అన్నాడు వాడు. నేను పడుకోలేదు. పన్నెండున్నరకి మళ్లీ తెరుచుకుంది, లేపి నింపించాను. తర్వాత తెలిసింది, ఆ వివరాలు కాలేజీలకి చేరింది మార్చిలో అని. అంత తొందరపడక్కర్లేదు. కానీ ఒకసారి గడువు దాటిపోయి చూసినవాళ్లకి ఆ తొందర ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇక అమ్మాయి. జూనియర్ ఇయర్ మార్చిలోనే ఇద్దరు టీచర్లని రికమెండేషన్ లెటర్ అడిగింది. సెప్టెంబరు దాకా ఆగితే ఒక్కో టీచరుకి నలభై మంది పిల్లలు వరసలో ఉంటారు. వేసవిలో వ్యాసాలు మొదలుపెట్టింది. చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఆగస్టు ఒకటిన కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది, ప్రశ్నలు అంతకు ముందే బయట ఉంటాయి. ఈ భాగం గురించి చెప్పేవాళ్లు మన వాళ్లలో బోలెడంత మంది ఉన్నారు, నేను మళ్లీ చెప్పక్కర్లేదు. ఎస్‌ఏటీ స్కోరు గురించి మూడేళ్లు మాట్లాడుకునే ఇళ్లలో డబ్బు గురించి మూడు గంటలు కూడా మాట్లాడుకోరని మాత్రం నా బాధ.

ఎర్లీ డెసిషన్ గురించి ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. అమ్మాయికి ఒక కాలేజీ చాలా ఇష్టం, నవంబరు ఒకటికి ఎర్లీ డెసిషన్ పెడితే సీటు వచ్చే అవకాశం ఎక్కువని స్నేహితులు చెప్పారు. అది మాటిచ్చేయడం లాంటిది, సీటు వస్తే అక్కడే చేరాలి. సాయం మరీ చాలకపోతే విడుదల అడగొచ్చు కానీ పక్కన ఇంకో కాలేజీ ఆఫర్ పెట్టుకుని పోల్చి చూసే వీలుండదు. మా 2023 రిటర్న్‌లో ఆ 60 వేలు కూర్చుని ఉండగా ఒకే ఒక్క కాలేజీకి మాటివ్వడం నాకు భయం. "అమ్మా, నీ భయం వల్ల నాకు సీటు పోతే?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే క్యాలిక్యులేటర్ తెరిచి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మకం కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి చూపించాను. అమ్మకం కలిపితే ఏడాదికి 58 వేలు. అది చాలాసేపు ఆ అంకె చూసి, "అయితే రెగ్యులర్‌లోనే పెడతా" అంది. డబ్బు సంగతి ముఖ్యమైన ఇళ్లలో ఎర్లీ డెసిషన్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎర్లీ యాక్షన్ వేరు, అందులో కట్టుబాటు లేదు. పైగా చాలాచోట్ల పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్‌లకి నవంబరులోపు దరఖాస్తు చేసినవాళ్లనే చూస్తారు. అమ్మాయి నాలుగు చోట్ల అలా పెట్టింది.

మొత్తం పది కాలేజీలు. వాటిలో ఆరు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అడిగాయి. ఇది ఫాఫ్సాకి అదనం, ప్రైవేటు కాలేజీలు తమ సొంత డబ్బు ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి అడిగేది. ఫాఫ్సా ఉచితం. ఉచితం కాని సైటు ఏదైనా కనబడితే అది అసలుది కాదని అర్థం. సీఎస్‌ఎస్‌కి మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16, మాకు మొత్తం 105 అయింది. లక్ష డాలర్లలోపు ఆదాయమున్న ఇళ్లకి ఆ ఫీజు కూడా ఉండదు. ఫాఫ్సా మనం ఉంటున్న ఇంటి విలువ అడగదు, చాలా సీఎస్‌ఎస్ కాలేజీలు అడుగుతాయి. అన్నిటికన్నా నాకు మేలు చేసింది చివర్లో ఉన్న ఖాళీ పెట్టె. మీ పరిస్థితి గురించి ఇంకేమైనా చెప్పాలా అని అడుగుతుంది. అక్కడ నాలుగు వాక్యాల్లో స్థలం అమ్మకం, ఆపరేషన్, ఆ డబ్బు ఎటు పోయిందో తేదీలతో సహా రాశాను.

ఇది 2024 అక్టోబరు మొదటి వారంలో అయింది. ఆ ఏడాది కూడా ఫాఫ్సా ఆలస్యమే, అందరికీ తెరుచుకునేసరికి నవంబరు మూడో వారం. ఫారం అమ్మాయి మొదలుపెట్టింది, తర్వాత తల్లినో తండ్రినో ఈమెయిల్‌తో పిలవాలి. భార్యాభర్తలు కలిపి టాక్స్ ఫైల్ చేసి ఉంటే ఒక్కరు చాలు. ఆ ఒక్కరు నేను. అమ్మాయి నా పేరు, పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టింది. సరిపోలలేదంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. చివరికి బీరువాలోంచి అసలు కార్డు తీసి చూస్తే, నా పేరు అందులో రెండు ముక్కలుగా ఉంది. పాస్‌పోర్టులో, నేను రోజూ రాసుకునే తీరులో ఒకే ముక్క. పదిహేడేళ్లుగా ఆ ఖాళీని నేనెప్పుడూ గమనించలేదు. కార్డు మీద ఎలా ఉందో అలాగే, మధ్యలో ఖాళీతో కొడితే వెళ్లిపోయింది. మన ఇంటిపేర్లు, జంట పేర్లు, ముందూ వెనకా తారుమారైన పేర్లు ఎన్ని ఇళ్లలో ఇలా ఉంటాయో! ఫాఫ్సా సైటులో కావలసిన ఖాతాలు ఫారం తెరిచిన రోజున కాకుండా వేసవిలోనే పిల్లలకొకటి, మనకొకటి తెరిచి పెట్టుకోవాలి. పేరు గొడవ ఉంటే అప్పుడే బయటపడుతుంది, సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఆదాయం వివరాలు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చేస్తాయి, దానికి మనం అంగీకారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫెడరల్ సాయం ఏదీ రాదు. ఆస్తుల సంగతి వేరు. ఆదాయం రెండేళ్ల కిందటిదైతే, బ్యాంకులో ఎంతుందీ, షేర్లు ఎంతున్నాయీ అన్నది ఫారం నింపిన రోజుది. ఇండియాలో ఇల్లూ స్థలం ఉంటే అవీ చెప్పాలి. 401కె లాంటి రిటైర్‌మెంటు ఖాతాలో ఉన్నది చెప్పక్కర్లేదు. తల్లిదండ్రుల పేరున ఉన్న డబ్బులో ఎక్కువలో ఎక్కువ నూటికి 5.64 వంతు లెక్కేస్తారు, పిల్లల పేరున ఉంటే నూటికి 20. పుట్టినరోజులకి, పంక్షన్లకి అమ్మాయికి అందరూ ఇచ్చింది దాని పేరు మీదే ఖాతా తెరిచి దాచాం, 9 వేలయింది. ఆడపిల్ల పేరున డబ్బుంటే మంచిదని మా అత్తయ్యగారి మాట. మంచిదే. కానీ ఆ 9 వేలకి ఏడాదికి 1,800 మా వాటాకి కలుస్తుంది. లైబ్రరీ ఆవిడని అడిగితే, అది పిల్లదే కాబట్టి పిల్లకే ఖర్చుపెట్టమన్నారు. దాని ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, వేసవి కోర్సు, డ్రైవింగ్ క్లాసులు అన్నీ ఆ ఖాతాలోంచే కట్టాం. ఫారం నింపిన రోజుకి అందులో 700 మిగిలింది.

ఈ మధ్యలో మా స్నేహితుల ఇంట్లో సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ల పెద్దబ్బాయి ఇండియాలో పుట్టాడు, హెచ్-4 మీద, అంటే ఇక్కడ వర్క్ వీసాతో ఉద్యోగం చేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్లకు పైగా ఉన్నారు. ఆ అబ్బాయికి ఫెడరల్ గ్రాంటూ లేదు, లోనూ లేదు. అయినా కొన్ని కాలేజీలు తమ సొంత మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు వీసా చూడవు. వాళ్లు టెన్త్ నుంచే ఒక్కో కాలేజీకి ఈమెయిల్ రాసి, హెచ్-4 పిల్లలకి ఏం వర్తిస్తుందని రాతపూర్వకంగా అడిగి, జవాబులన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకున్నారు. నాకు తెలిసిన వాళ్లలో అంత పద్ధతిగా చేసింది వాళ్లే. తల్లిదండ్రులు ఏ వీసా మీద ఉన్నా బిడ్డ ఇక్కడే పుట్టి పౌరుడైతే ఫెడరల్ సాయానికి అర్హత ఉంటుంది. ఇది తెలియక ఫారమే నింపని ఇళ్లు కూడా చూశాను.

మా ఇండెక్స్ 53 వేలు దాటి వచ్చింది. ఊహించిందే. 2025 మార్చి చివర్లో కాలేజీల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆఫర్ లెటర్ చదవడం ఒక విద్య. ఒకదాంట్లో "మొత్తం సాయం 48 వేలు" అని పెద్ద అక్షరాలతో ఉంది. విప్పి చూస్తే అందులో గ్రాంటు 19 వేలు, మిగతాది మా పేరున తీసుకోమంటున్న పేరెంట్ లోన్, అమ్మాయి లోన్, వర్క్ స్టడీ. తిరిగి కట్టాల్సినదాన్నీ, అమ్మాయి పనిచేసి సంపాదించుకోవాల్సినదాన్నీ సాయం అనే పేరు కింద కలిపేశారు. తెల్లకాగితం మీద కాలేజీకో గడి గీసి, మొత్తం ఖర్చులోంచి గ్రాంటు, స్కాలర్‌షిప్ మాత్రమే తీసేసి, మిగిలినది రాసుకుంటూ పోయాం.

దానికి బాగా నచ్చిన కాలేజీ నుంచి వచ్చిన గ్రాంటు 36 వేలు. మా చేతినుంచి పడేది 50 వేలు. అంత మా వల్ల కాదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆ కాలేజీకీ, ఇంకో కాలేజీకీ అప్పీల్ రాశాం. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అనే అధికారం ఉంటుంది, ఒకే ఒక్కసారి వచ్చిన ఆదాయాన్ని లెక్కలోంచి తీసేసి చూడగలరు. చేయాలని మాత్రం లేదు. ఉత్తరం ఒక్క పేజీ. ఏడుపులు, పొగడ్తలు లేకుండా ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఎంతో రాశాను. వెనక సేల్ డీడ్, ఆస్పత్రి బిల్లులు, అబ్బాయి ఫీజు రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, 2022, 2024 రిటర్న్‌లు జత చేశాం. డీడ్ తెలుగులో ఉంటే ముఖ్యమైన రెండు పేజీలకి మా వారు ఇంగ్లిషులో అనువాదం చేసి సంతకం పెట్టారు. మే ఒకటికల్లా ఎక్కడ చేరేదీ చెప్పాలి, అంటే మూడు వారాల వ్యవధి.

ఒక కాలేజీ కుదరదంది, కారణం చెప్పలేదు. రెండోది, అంటే అమ్మాయికి నచ్చినది, తొమ్మిది రోజులకి ఆఫర్ మార్చి పంపింది. గ్రాంటు 50,500. మా వాటా 35,500. దాంట్లో 5,500 అమ్మాయి లోన్. రాష్ట్ర యూనివర్సిటీ కన్నా ఇంకా కొంచెం ఎక్కువే. ఆ రాత్రి మా వారు ల్యాప్‌టాప్ మూసి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, "ఆ కాగితం మీద సంతకం నేనే వద్దనాల్సింది" అన్నారు. అబ్బాయి సంగతి ఆయన మనసులో అంతకాలం ఉందని నాకు తెలియదు.

2026-27 ఫారం 2025 సెప్టెంబరు చివరి వారంలోనే తెరుచుకుంది. ఇకమీదట అక్టోబరు ఒకటికల్లా తెరవాలని చట్టమే చేశారు. నేను స్కూల్లో ఉండగా అమ్మాయి హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టింది, "అమ్మా, ఫాఫ్సా ఓపెన్ అయింది, నీకు ఈమెయిల్ వచ్చుంటుంది, నీ పేరు మధ్యలో ఖాళీ పెట్టే కొట్టాను" అని. సాయంత్రం ఇంటికొచ్చి నా భాగం పూర్తి చేశాను. ఈసారి చూసేది 2024 రిటర్న్, స్థలం లేదు అందులో. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఇండెక్స్ 31 వేల చిల్లర చూపించింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అబ్బాయి వెంటనే ఫోన్ చేశాడు. వాడికిది ఆఖరి ఏడాది ఫారం. "అమ్మా, ఇంకా కూర్చునే ఉన్నావా? అయితే నాదీ ఇప్పుడే చేసేద్దాం, నీ ఓటీపీ చెప్పు" అన్నాడు.